కాలిన గాయాలు: శాస్త్రం చెప్పినది, మన ఇళ్లలో జరుగుతున్నది

కాలినచోట నీళ్లు పోస్తే బొబ్బలెక్కుతాయని మన వైపు గట్టి నమ్మకం. వరంగల్, హనుమకొండ, కాజీపేట మూడు ఊళ్లలోనూ, చుట్టుపక్కల పల్లెలలోనూ ఈ మాట వినపడని ఇల్లు అరుదు. ఉత్త నమ్మకమే అయితే నచ్చజెప్పవచ్చును. కాని దీనికి శాస్త్రాధారం కూడా ఉన్నదనీ, సాక్షాత్తు సుశ్రుతుడే కాలినచోట చన్నీళ్లు వద్దన్నాడనీ చదువుకున్న పెద్దలు కొందరు వాదించగా విన్నాను. గురుముఖతః సుశ్రుతసంహితను వల్లె వేసి నేర్చుకున్నవాడిని గనుక ఆ వాదానికి సమాధానం చెప్పవలసిన బాధ్యత నాపై ఉన్నది. పైగా ఇది పండితచర్చతో తీరిపోయే విషయం కాదు. వంటింట్లో పిల్లవాడి మీద వేడి గంజి ఒలికిన క్షణాన తల్లి చేయి నీళ్ల కుళాయి వైపు పోతుందా, పసుపు డబ్బా వైపు పోతుందా అన్నదానిమీద ఆ గాయం ఎంత లోతుకు దిగేదీ ఆధారపడి ఉంటుంది.

సుశ్రుతుడు ఏమన్నాడు?

సుశ్రుతసంహిత సూత్రస్థానంలో 12వ అధ్యాయానికి అగ్నికర్మవిధి అని పేరు. నిప్పుతో కాల్చి చేసే శస్త్రచికిత్సను వివరించిన అధ్యాయమిది. ఆ సందర్భంలోనే ప్రమాదవశాత్తు కాలినవారి సంగతి కూడా చెప్పి, కాలిన గాయాలను నాలుగు విధాలుగా విభజించాడు. చర్మం రంగు మారి మిక్కిలి మంట పెట్టేది ప్లుష్టం. బొబ్బలు లేచి, ఎరుపు, మంట, నొప్పి తీవ్రమై, చాలాకాలానికిగాని తగ్గనిది దుర్దగ్ధం. ఎక్కువ లోతుకు పోక, పండిన తాటిపండు రంగులో ఉండేది సమ్యగ్దగ్ధం. మాంసం వ్రేలాడి, సిరలు, స్నాయువులు, సంధులు, ఎముకలు కూడా చెడి, జ్వరం, దాహం, మూర్ఛ కలిగేది అతిదగ్ధం. నేటి ఆసుపత్రులలో కాలినగాయం ఎంత లోతుగా ఉన్నదో చూసి మెట్లుగా విభజించే పద్ధతికి ఇది ఎంత దగ్గరగా ఉన్నదో పాఠకులే గమనించగలరు.

ఇక చికిత్స. ప్లుష్టం ఒక్కదానికి మాత్రమే సుశ్రుతుడు వేడి ఉపచారం చెప్పాడు. నీరు స్వభావంచేత చల్లనిది, అది రక్తాన్ని గడ్డకట్టించి లోపలి వేడిమిని బయటికి పోనివ్వదు అని ఆయన చూపిన హేతువు. వాదించేవారు పట్టుకున్నది ఈ ఒక్క మాటనే. వారు తరువాతి శ్లోకం దాకా పోరు. దుర్దగ్ధానికి, అనగా బొబ్బలెక్కిన గాయానికి, శీతోష్ణోపచారాలు రెండూ చెబుతూనే, నేతిపూతలు, ధారగా పోసే సేకాలు మాత్రం చల్లనివే కావలెనని ఆయన స్పష్టంగా విధించాడు. సమ్యగ్దగ్ధానికి వెదురుప్పు, జువ్వి పట్ట, చందనం, జేగురు, తిప్పతీగ కలిపిన నేతిపూత. అతిదగ్ధంలో చెడి వ్రేలాడే మాంసాన్ని తొలగించి, పిమ్మట చల్లని ఉపచారాలు. అంటే నాలుగింటిలో చన్నీటిని కాదన్నది ఒక్కదానికే. అది కూడా అన్నిటికన్న స్వల్పమైనదానికి.

ఇక్కడొక చిక్కు ఉన్నది. కాలిన మొదటి నిమిషంలో అది ప్లుష్టమో దుర్దగ్ధమో ఏ వైద్యుడూ నిశ్చయంగా చెప్పలేడు. ఎర్రబడి మాత్రమే కనబడిన చర్మం గంటలోపల బొబ్బలెక్కవచ్చు. కాబట్టి బొబ్బలు వచ్చేది నీళ్లు పోసినందుకు కాదు. అవి రావలసినవే, వచ్చాయి. నీళ్లు పోయడం వలన చర్మంలో నిలిచిన వేడిమి తగ్గి గాయం ఇంకా లోతుకు దిగకుండా ఆగుతుంది. కాలిన భాగంపై చల్లని కుళాయి నీటిని ధారగా 20 నిమిషాలు పోస్తే నొప్పి తగ్గుతుందనీ, గాయం లోతు తగ్గుతుందనీ, ప్రమాదం జరిగిన 3 గంటలలోపు ఎప్పుడు చేసినా కొంత మేలేననీ ఆధునిక వైద్యులు నిర్ధారించారు. ప్లుష్టం విషయంలో నేను ఈ ప్రత్యక్షప్రమాణాన్నే అనుసరిస్తాను, మా విద్యార్థులకూ అదే చెబుతాను. ప్రత్యక్షానికి విరుద్ధంగా శాస్త్రవాక్యాన్ని పట్టుకు వేలాడమని మా గురువులు నేర్పలేదు.

అయితే అతిశీతలం రక్తప్రసారాన్ని అడ్డుకుంటుందన్న సుశ్రుతుని భయం మాత్రం వృథా కాదు. మంచుగడ్డ విషయంలో అది అక్షరాలా నిజం. కాలినచోట ఐసు పెడితే సన్నని రక్తనాళాలు ముడుచుకొని, చావుబతుకుల మధ్యనున్న చర్మం కాస్తా చస్తుంది. ఫ్రిజ్‌లోని నీళ్లు కూడా వద్దు. కుళాయి నీళ్లు, బిందెలోని నీళ్లు చాలును.

తొలి ఇరవై నిమిషాలు

బట్టలకు మంట అంటుకున్నప్పుడు పరుగెత్తడం మనిషి సహజస్వభావం. అదే ప్రాణాంతకం. పరుగెత్తితే గాలి తగిలి మంట పెరుగుతుంది, నిలబడితే పైకెగసి ముఖాన్ని, ఊపిరిని పట్టుకుంటుంది. ఉన్నచోటనే పడుకొని, ముఖాన్ని చేతులతో కప్పుకొని అటూ ఇటూ దొర్లవలెను. పక్కనున్నవారు మందపాటి గొంగడి, నూలు దుప్పటి కప్పి మంట ఆర్పవలెను. నైలాను దుప్పటి పనికిరాదు, అది కరగి అంటుకుంటుంది. మంట ఆరగానే కప్పినది తీసివేసి నీళ్లు పోయడం మొదలుపెట్టాలి.

నీళ్లు పోస్తూనే గాజులు, ఉంగరాలు, మెట్టెలు, గొలుసులు, పిల్లలకైతే మొలతాడు, కడియాలు తీసివేయండి. ఆలస్యమైతే వాపు వచ్చి అవి బిగుసుకుంటాయి. తరువాత కోసి తీయవలసి వస్తుంది. ఈ ఒక్క విషయాన్ని మన ఇళ్లలో దాదాపు ఎవరూ తలచుకోరు. చర్మానికి అంటుకుపోయిన బట్టను మాత్రం లాగకూడదు, దానిచుట్టూ కత్తిరించాలి. పసిపిల్లలకు, ఒళ్లు చాలా భాగం కాలినవారికి నీళ్లు పోసేటప్పుడు కాలని భాగాన్ని పొడిగా, వెచ్చగా కప్పి ఉంచాలి. లేకుంటే శరీరం చల్లబడి కొత్త ప్రమాదం తెస్తుంది. ఆ తరువాత ఉతికిన తెల్లని నూలుగుడ్డ వదులుగా కప్పి, అవసరమైతే 108కి ఫోను చేసి బయలుదేరవలెను. బొబ్బలు చిదమరాదు.

ఎవరిని తప్పక ఆసుపత్రికి తీసుకుపోవాలి? రోగి అరచేయి, వేళ్లతో సహా, అతని శరీరంలో సుమారు 1 శాతం. ఆ కొలతతో లెక్కపెట్టి చూస్తే పిల్లలలో 10 శాతం, పెద్దలలో 15 శాతం దాటిన గాయానికి రక్తనాళం ద్వారా ద్రవాలు ఎక్కించనిదే బతుకు నిలవదు. కాలిన చర్మంగుండా ఒంట్లోని నీరు గంటగంటకూ కారిపోతుంటుంది. ముఖం, చేతులు, పాదాలు, కీళ్లు, మర్మస్థానాలు కాలినా, కరెంటు వల్ల, ఆమ్లం వల్ల కాలినా, పొగ పీల్చినా, రోగి పసివాడైనా, వృద్ధుడైనా, గర్భిణి అయినా కొలతలతో పని లేదు, మన ఎం.జి.ఎం. ఆసుపత్రికో, దగ్గరలోని పెద్ద ఆసుపత్రికో వెంటనే వెళ్లవలసిందే. నొప్పి లేదని ధైర్యపడవద్దు. చర్మం పూర్తి మందాన కాలినప్పుడు నరాలు కూడా కాలిపోయి నొప్పి తెలియదు. తెల్లగానో, తోలువలెనో మారి నొప్పి లేని గాయమే అన్నిటికన్న చెడ్డది.

పూతల సంగతి

మా చికిత్సాలయానికి వచ్చే కాలినగాయాలలో అసలు రంగు కనబడేవి తక్కువ. నీలి సిరా, టూత్‌పేస్టు, పసుపు, దోసెపిండి, కోడిగుడ్డు సొన, పేడ, ఒక్కోసారి ఇవన్నీ వరుసగా. ఒకప్పుడు రెండేళ్ల పాపను మూడవ రోజున తీసుకొచ్చారు. వార్చిన గంజి ఒలికి కాలు కాలింది. పైన టూత్‌పేస్టు గట్టిపడి పెచ్చు కట్టింది, దానికింద చీము. పేస్టును నానబెట్టి తీయడానికే గంటకు పైగా పట్టింది, ఆ గంటసేపూ పాప ఏడుపు వీధిలోకి వినబడింది. చల్లటి నీళ్లు పోసి శుభ్రమైన గుడ్డ చుట్టి తెచ్చి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. వెంటనే రాసిన ఏ పూత అయినా వేడిమిని లోపల బంధిస్తుంది, మురికిని చేరుస్తుంది, గాయం ఎంత లోతో వైద్యునికి కనబడనీయదు.

నేతిపూత సుశ్రుతుడే చెప్పాడు కదా అని మీరడగవచ్చు. చెప్పాడు, కాని వైద్యుడు చూసి, గాయాన్ని నిర్ణయించి చేయవలసిన చికిత్సగా చెప్పాడు, వంటింట్లో మొదటి నిమిషంలో చేసేదిగా కాదు. అంతేకాదు, కాగిన నూనె, నేయి వల్ల కాలిన గాయాన్ని స్నేహదగ్ధమని వేరుగా పేర్కొన్నాడు. నూనె సూక్ష్మసిరలలోనికి చొచ్చుకుపోయి చర్మాన్ని లోతుగా కాలుస్తుంది గనుక దానికి రూక్షమైన చికిత్సనే విశేషంగా చేయమన్నాడు. కాగిన నూనె చిందినచోట ఇంకొంత నేయి రాయడం శాస్త్రానికే విరుద్ధమన్నమాట. బూరెలు, బజ్జీలు వేసే ఇల్లాళ్లు ఇది గుర్తుంచుకోగలరు. మూకుడులో నూనె మండినప్పుడు మాత్రం దానిమీద నీళ్లు పోయరాదు, మంట పైకి ఎగసి ఇంటి కప్పునే అంటుకుంటుంది. గ్యాసు ఆపి, మూత పెట్టి, చల్లారేదాకా కదిలించకుండా ఉంచాలి. నీళ్లు కాలిన చర్మానికే, మండే నూనెకు కాదు.

వైద్యం పేరిట కాలుతున్నవారు

ఈ పత్రిక గృహవైద్యాన్ని ప్రచారం చేసేది. కనుక గృహవైద్యమే కాల్చిన సందర్భాలను దాచడం న్యాయం కాదు.

మొదటిది ఆవిరి పట్టడం. జలుబు చేసిన పిల్లవాడి ముందు సలసల కాగే నీళ్ల గిన్నె పెట్టి, తలమీద దుప్పటి కప్పుతారు. ఊపిరాడక వాడు కాలు కదిలిస్తాడు, గిన్నె ఒళ్లో పడుతుంది. తొడలు, పొట్ట, మర్మస్థానం కాలుతాయి. 2020, 2021 సంవత్సరాలలో కరోనా భయంతో ఇంటింటా ఆవిరి పట్టినప్పుడు ఇటువంటి గాయాలు పెరిగాయని విదేశాల వైద్యులు సైతం రాశారు. పసిపిల్లలకు తెరచిన గిన్నెతో ఆవిరి పట్టవద్దని నేను గట్టిగా చెబుతున్నాను. పెద్దలు పట్టుకున్నా గిన్నె బల్లమీద కదలకుండా ఉండాలి, ఒళ్లో పెట్టుకోరాదు.

రెండవది కాపడం. మధుమేహం ముదిరినవారికి పాదాలలో స్పర్శ తగ్గుతుంది. మోకాళ్లనొప్పులకు, పాదాల తిమ్మిరికి వేడినీళ్ల సంచి, వేడి ఇసుక మూట పెట్టించుకుంటారు. చర్మం కాలుతున్నా తెలియదు. మరునాడు బొబ్బ కనబడుతుంది, అది పుండై కాలు తీసేదాకా పోయిన సందర్భాలు ఎన్నో. మధుమేహరోగికి కాపడం పెట్టేముందు ఇంట్లో ఆరోగ్యవంతులెవరైనా తమ మోచేతి లోపలి భాగాన ఆ వేడిని పరీక్షించి చూడవలెను. పాదాలకైతే అసలే వద్దు.

మూడవది వాతలు. పచ్చకామెర్లకు చేతిమీద, పసిబిడ్డల ఫిట్సుకు పొట్టమీద కాల్చిన కడ్డీతో వాత పెట్టే ఆచారం మన తెలంగాణలో ఇంకా అక్కడక్కడ మిగిలి ఉన్నది. ఇది అగ్నికర్మ అని కొందరు సమర్థించుకుంటారు. ఏ అధ్యాయాన్ని చూపి సమర్థించుకుంటారో ఆ అధ్యాయంలోనే సుశ్రుతుడు పిల్లలకు, వృద్ధులకు, దుర్బలులకు, భయపడేవారికి, పిత్తప్రకృతి కలవారికి అగ్నికర్మ చేయరాదని నిషేధించాడు. కామెర్లు పిత్తప్రకోపం వల్ల పుట్టే రోగం. వాత పెట్టించడం వల్ల పుండు మిగులుతుంది, కామెర్లు మిగులుతాయి, మధ్యలో విలువైన రోజులు పోతాయి.

పొగ

అదే అధ్యాయం చివర ధూమోపహతుని, అంటే పొగ బారిన పడినవాని లక్షణాలను సుశ్రుతుడు వర్ణించాడు. ఆయాసం, తుమ్ములు, దగ్గు, కళ్లమంట, ఊపిరిలో పొగ, వాసన, రుచి తెలియకపోవడం, మూర్ఛ. మంటకంటె ముందు పొగే చంపుతుందన్న ఎరుక ఆనాటికే ఉన్నదని చెప్పడానికి ఇంతకంటె వేరే సాక్ష్యం అక్కరలేదు. 2008 ఆగస్టు 1వ తేదీన అర్ధరాత్రి దాటాక అప్పటి వరంగల్ జిల్లా కేసముద్రం దగ్గర గౌతమీ ఎక్స్‌ప్రెస్ బోగీలు మండిపోయి 30 మందికి పైగా చనిపోయిన ఘటనను మన జిల్లావారు మరువలేరు. 2025 మే 18న హైదరాబాదు చార్మినారు సమీపంలోని గుల్జార్ హౌజ్ వద్ద ఒకే ఇంట్లో 17 మంది, అందులో 8 మంది చిన్నారులు, చనిపోయారు. పాతకాలపు ఇల్లు, ఇరుకైన దారి, లోపల నిండిన పొగ.

పొగ నిండిన గదిలో నేలకు దగ్గరగా పాకుతూ తలుపు వైపు వెళ్లాలి. తడిగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుంటే కొంత సాయం. ఇరుకు ఇళ్లలో ఉండేవారు రాత్రిపూట తాళం వేసిన ఇనుప గ్రిల్లు తాళంచెవి ఇంట్లో అందరికీ తెలిసిన ఒకే చోట ఉంచాలి. పొగ పీల్చినవారి గొంతు బొంగురుపోయినా, ముక్కు వెంట్రుకలు కమిలినా, పైకి బాగానే ఉన్నట్లు కనబడినా ఆసుపత్రికి తీసుకుపోవలెను. శ్వాసనాళంలో వాపు కొన్ని గంటల తరువాత వస్తుంది. సుశ్రుతుడు వీరికి వమనం చేయించమన్నాడు. నేటి పరిస్థితిలో అది చేయవద్దు, ప్రాణవాయువే వీరికి మొదటి ఔషధం.

ఇంట్లో చూసుకోవలసినవి

వంటగ్యాసు గాలికంటె బరువైనది, కారితే నేలమీద పరచుకుంటుంది. వాసన వస్తే కరెంటు స్విచ్చి వేయడం గాని, ఆపడం గాని చేయక, రెగ్యులేటరు కట్టి, తలుపులు, కిటికీలు తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోను చేయాలి. రబ్బరు గొట్టాన్ని 5 సంవత్సరాలకొకసారి మార్చాలి. స్టవ్వు ఎప్పుడూ గ్యాసుబండకంటె ఎత్తులో ఉండాలి.

స్నానానికి బకెట్టులో ముందు చన్నీళ్లు పోసి, తరువాత వేడినీళ్లు కలపాలి. ఈ వరుస తిరగబడినందువల్లనే ఎందరో పిల్లలు వేడినీళ్లలో చేయి పెట్టి కాల్చుకుంటున్నారు. 60 డిగ్రీల నీరు పెద్దవారి చర్మాన్ని కూడా 5 సెకన్లలో లోతుగా కాల్చగలదు, పసివాడి పలుచని చర్మానికి అంతకూడా అక్కరలేదు. పెళ్లిళ్లలో, బడులలో నేలమీద పెట్టిన సాంబారు గుండిగలు మరొక ప్రమాదం. 2019 నవంబరులో కర్నూలు జిల్లా పాణ్యంలో ఒక బడిపిల్లవాడు సాంబారు పాత్రలో పడి మరణించాడు. వడ్డనకు ముందు గుండిగను నేలమీద కాక బల్లమీద పెట్టడం ఏ వంటవారికైనా సాధ్యమే.

కార్తీకమాసంలో వేయిస్తంభాల గుడికి, భద్రకాళి గుడికి దీపాలు వెలిగించడానికి వచ్చే ఆడపడుచులకు ఒక మనవి. 365 వత్తుల దీపం వెలిగించేటప్పుడు నైలాను, జార్జెట్టు చీరలు కట్టకండి, కొంగు నడుమున దోపండి. వెనుక వరుసలో వెలుగుతున్న దీపం మీ కొంగుకు తగలవచ్చును. దీపావళి కాకరపువ్వొత్తులు కాల్చిన తీగలను నేలమీద పారేయక, నీళ్ల బకెట్టులో వేయించండి.

స్నానాలగది కడిగే ఆమ్లాన్ని శీతలపానీయాల సీసాలలో పోసి పెట్టే అలవాటు మానాలి. 2008 డిసెంబరులో మన వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినులపై జరిగిన ఆమ్లదాడి ఈ ఊరిని కదిలించింది. 2013లో సుప్రీంకోర్టు ఆమ్లం అమ్మకాలపై ఆంక్షలు విధించింది. ఆమ్లం పడినచోట ఇతర మందులు వెదకక, నీళ్లు ధారగా, 20 నిమిషాలకు మించి, ఆసుపత్రికి చేరేదాకా కూడా పోయవచ్చు. పొడిసున్నమైతే ముందు గుడ్డతో దులిపి, ఆపై నీళ్లు పోయాలి.

ఒక మాట చెప్పకుండా ఉండలేను. స్టవ్వు పేలిందని చెప్పే కాలినగాయాలన్నీ స్టవ్వు పేలినవి కావు. వరకట్నపు మరణాలకు 1986లో చేసిన చట్టంలో కాలినగాయాల పేరు ప్రత్యేకంగా చేర్చవలసి వచ్చిందంటే, ఈ దేశంలో ఎందరు కోడళ్లు ఆ విధంగా పోయారో ఊహించుకోవచ్చును. గాయపడిన స్త్రీ ఒంటరిగా వైద్యునితో మాట్లాడే అవకాశం కుటుంబసభ్యులు కల్పించాలి. అందుకు అడ్డుపడేవారున్నచోట వైద్యుడు అనుమానించవలెను.

మానిన తరువాత

కాలినరోగికి పథ్యం పేరిట చారన్నం, మజ్జిగన్నం మాత్రమే పెట్టడం పెద్ద పొరపాటు. కొత్త చర్మం పుట్టడానికి మాంసకృత్తులు చాలా కావాలి. పెసరపప్పు, పాలు, పెరుగు, నేయి, తినేవారికి గుడ్లు, మాంసరసం మామూలుకంటె అధికంగా ఇవ్వాలి. ధనుర్వాతపు సూది వేయించారో లేదో చూసుకోవాలి.

శతధౌతఘృతాన్ని, అనగా రాగిపాత్రలో నీటితో నూరుసార్లు కడిగిన ఆవునేతిని, నేను విస్తారంగా వాడుతాను. కాని పుండు పూర్తిగా మూసుకొని, చర్మం చిట్లనిచోట మంటకు, దురదకు, పొడిదనానికి మాత్రమే. ఇంట్లో కడిగిన నేయి సూక్ష్మక్రిమిరహితం కాదు, పచ్చిపుండుమీద పెట్టరాదు. వంటింటి తేనెకు కూడా అదే నియమం. మానిన మచ్చమీద కొబ్బరినూనెతోగాని, జాత్యాది తైలంతోగాని రోజూ రెండు మూడుసార్లు వేలితో గట్టిగా వత్తుతూ మర్దన చేయాలి, ఎండ తగలకుండా కప్పుకోవాలి.

కీళ్లవద్ద మచ్చ బిగిసి వంకర తెస్తుంది. మెడ ముందుభాగం కాలినవారు తలకింద దిండు పెట్టుకోరాదు. వేళ్లు కాలితే ఒక్కొక్క వేలికీ వేరుగా గుడ్డ చుట్టాలి, కలిపి చుడితే అవి అతుక్కుపోతాయి. మోచేయి కాలినవాడు చేయి మడిచి పెట్టుకుంటే హాయిగా ఉంటుంది, కాని అలా పెట్టుకోనివ్వకూడదు, చాచే ఉంచాలి. పిల్లవాడు ఏడ్చినా సరే, వ్యాయామచికిత్సకుడు చెప్పిన కదలికలను పూటపూటకూ చేయించవలెను. మచ్చ మెత్తబడడానికి ఏడాది నుంచి రెండేళ్లు పడుతుంది, అంతదాకా ఈ మర్దన, ఈ కదలికలు విడువరాదు.